ఎర్రకారు తాగేసిన ఆయిలు

కుక్కుటేశ్వరరావుని పోయిన వారం ఎర్రకారు ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే ఉన్నాడు. మోకాళ్లు పట్టేసి ఉంటాయి. ఇక లేపాలి.

మరిచిపోయిన వాళ్లకీ, దారిలో ఎక్కిన వాళ్లకీ నాలుగు ముక్కలు. రావుది కోనసీమ, అంబాజీపేట పక్కన. అరబ్బు దేశంలో, అల్ రాయ్ అనే చోట, ఇరవై ఏళ్లుగా ఒకే గ్యారేజీలో ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడు. ఆరు వారాల కింద సబా అల్ సలేం అనే పేట నుంచి ఉమ్ నాసర్ అనే పెద్దావిడ తన స్పోర్ట్స్ కారుని సర్వీసుకి పంపింది. ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్‌గా ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక అందరూ తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంటే ఈవిడ నాలుగు వందల గుర్రాల బలమున్న ఎర్రకారు కొనుక్కుంది. దాన్ని సర్వీసు చేసింది మన రావే. అది మొదలు ఆ కారు ఆయిలు తాగడం మొదలుపెట్టింది. కింద చుక్క కారదు, ఏ గొట్టం దగ్గరా తడి కనిపించదు, ఆయిలు కొలిచే పుల్ల డిప్‌స్టిక్ మాత్రం వారం తిరక్కుండా ఎండిపోతుంది. మూడోసారి కారు వెనక్కి వచ్చేసరికి ఫోర్‌మన్ అన్వర్ బాషా పిస్టన్ రింగులు పోయాయన్నాడు, ఇంజను విప్పాలన్నాడు. గ్యారేజీ యజమానీ, రావుకి వీసా ఇచ్చిన కఫీలూ అయిన అబూ తలాల్ ఇంకో మాటన్నాడు. ఇంజను విప్పాల్సి వస్తే ఆ తప్పు సర్వీసు చేసినవాడిదే, నెలాఖరుకి ముగిసిపోయే అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే పర్మిట్టు, తను మళ్లీ కట్టించడు. రావు ఇఖామా పోతే దాని మీదే ఉన్న భార్య సత్యదుర్గ ఇఖామా కూడా పోయినట్టే. బ్నీద్ అల్ గార్‌లో వాళ్ల ఫ్లాటూ, ఆవిడ కుట్టుమిషనూ, అంతా ఖలాస్. రావు గడ్డం పట్టుకుని బతిమాలితే, ఒక్క పూట ఇచ్చాడు. మధ్యాహ్నం నమాజు దాకా.

ఆ పూటలో స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి చూసి బిగించాక రావు చేసిన పని, ఎవరూ విప్పని ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత విప్పడం. గాలి తప్ప ఇంకేమీ ఉండకూడని ఆ పెట్టెలో వేళ్లు పెడితే ఆయిలు తగిలింది. అక్కడే మనం ఆగాం.

వేళ్లకంటిన ఆయిలుని రావు వెలుతురులోకి పట్టి చూశాడు. కాలి నల్లబడ్డ ఆయిలు కాదు. తేనె రంగులో, దాదాపు కొత్తగా ఉంది.

వెనక నుంచి అన్వర్ బాషా వంగి చూశాడు. రాయచోటి మనిషి, ముప్ఫై ఏళ్ల అనుభవం. ఎడారి జీపుల ఇంజను శబ్దం విని రోగం చెప్పేస్తాడని పేరు.

"ఇంకేం సూస్తావు రావూ? రింగులు పోయినాయని జెప్తే వింటివా? కిందనుంచి తన్ని ఆయిలు పైకొచ్చేసింది. ఇంగ విప్పడమే."

"రింగులు పోతే ప్లగ్గులు మసి పట్టాలి కద భాయ్. ఇందాక ఆరూ తీసి చూసేనండి. ఆరూ బిస్కెట్టు రంగులో ఉన్నాయి. నిన్న మీరు కంప్రెషన్ పెట్టి చూసినప్పుడు కూడా ఆరూ సమానంగానే వచ్చేయి."

"అయితే దయ్యం తాగతాందంటావా?"

రావు పెట్టెలోకే చూస్తూ ఉన్నాడు.  చాలా రోజులుగా పని చెయ్యని ఒక ఆలోచన అప్పుడే కదలడం మొదలైంది, మాట్లాడితే ఎక్కడ ఆగిపోతుందోనని భయం.

ఇక్కడ ఈ కారు గురించి ఒక్క సంగతి చెప్పాలి. మామూలు కార్లకి ఆయిలు ఇంజను కిందుండే తొట్టిలోనే ఉంటుంది. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పుల్ల తీసి చూస్తే ఎంతుందో అంతే తెలుస్తుంది. ఇది పందేలకు పుట్టిన జాతి. మలుపుల్లో ఆయిలు ఒక పక్కకి పోకుండా దీనికి వేరే ట్యాంకు ఉంటుంది, డిప్‌స్టిక్ ఆ ట్యాంకులోనే ఉంటుంది. బండి ఆపి రాత్రంతా ఉంచితే ట్యాంకులో ఆయిలు మెల్లగా ఇంజనులోకి దిగిపోతుంది. అప్పుడు పుల్ల తీస్తే చివర తడి తప్ప ఏమీ కనిపించదు. ఇంజను బాగా వేడెక్కి, ఇంకా నడుస్తూ ఉండగా చూస్తేనే అసలు లెక్క.

ఈ సంగతి రావుకి తెలుసు. సర్వీసు రోజున అలాగే చూసి, సరిగ్గా గీత దగ్గరకి నింపి పంపాడు. అయితే మొదటి ఫిర్యాదు రాగానే కారుని అతని చేతిలోంచి తీసేసుకున్నారు. ఆ తర్వాత పుల్ల తీసి చూసిందంతా అన్వర్ బాషాయే, అదీ పొద్దున్నే షట్టర్ ఎత్తగానే. ముప్ఫై ఏళ్ల మనిషి పుల్ల తప్పు చూస్తాడని ఎవరనుకుంటారు? రావూ అనుకోలేదు.

"భాయ్, ఒక్క పావుగంట స్టార్ట్ చేసి ఉంచుతానండి," అన్నాడు.

"ఆయిలు లేని ఇంజను స్టార్ట్ జేస్తావా? పట్టేస్తే ఎవురిది బాధ్యత?"

"నాదేనండి. ఇంకా పోయేదేవుంది నాకు?"

ఫిల్టరు తుడిచి, పెట్టె బిగించి, తాళం తిప్పాడు. ఎర్రకారు ఒక్కసారి గుర్రుమని లేచింది. వెనక గొట్టంలోంచి నీలం పొగ ఒక దమ్ము వదిలి సర్దుకుంది. ఫ్యాను గాలి, ఇంజను వేడి, జూన్ నెల ఎండ, మూడూ కలిసి షెడ్డుని పెనంలా చేశాయి. రావు కళ్లు వేడి చూపించే ముల్లు మీదే ఉన్నాయి.  పావుగంట గడిచాక ఇంజను నడుస్తూ ఉండగానే డిప్‌స్టిక్ తీశాడు, గుడ్డతో తుడిచాడు, మళ్లీ దించాడు, తీశాడు.

ఆయిలు పై గీత దగ్గర లేదు. పై గీతకి రెండు వేళ్లు పైన ఉంది.

నమ్మలేక మళ్లీ తుడిచి చూశాడు. మూడోసారి అన్వర్ బాషా చూసి, అబూ తలాల్‌కి చెప్పడానికి ఆఫీసు గదిలోకి వెళ్లాడు. రావు ఇంజను కట్టేసి, పక్కనున్న పాత టైరు మీద చతికిలబడ్డాడు.  ఆరు వారాలుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయింది. ఏడుపొచ్చేంత హాయిగా ఉంది. ఇంజనుకి ఏ రోగమూ లేదు. కారు ఆయిలు తాగడం లేదు, కక్కుతోంది. పట్టనంత పోస్తే గాలి గొట్టంలోంచి ఫిల్టర్ పెట్టెలోకి తన్నేస్తోంది, తన్నింది కాస్తా కాలి పొగై పోతోంది. తన చేతుల్లో తప్పు లేదు.

ఫోను తీసి సత్యదుర్గకి చేశాడు.

"దుర్గా, ఇంజను బాగానే ఉందే."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.  "పొద్దుట్నించీ ఏం తినలేదు మీరు, ముందు డబ్బా తెరవండి," అని మాత్రం అంది.  ఆ మాటలోని సంతోషం రావుకి తెలిసింది.

ఫోను జేబులో పెట్టుకుంటుంటే అసలు ప్రశ్న తట్టింది. పుల్లలో తప్పు చూశారు, సరే. అన్వర్ బాషా గ్యారేజీలో ఆయిలు పోయించలేదు, విప్పాలని పట్టుబట్టాడు కాబట్టి. మరి గీత దాటి ఇంత ఆయిలు ఎవరు పోశారు?

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర తెల్ల జీపు ఆగింది. ఉమ్ నాసర్ దిగి, ఎవరి వైపూ చూడకుండా అబూ తలాల్ ఆఫీసు గదిలోకి వెళ్లింది. జీపు తోలుకొచ్చిన బాలసుబ్బయ్య దాన్ని నీడలో పెట్టి, మెడలో తువాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి. కడప జిల్లా నుంచి వచ్చి ఆవిడింట్లో నాలుగేళ్లుగా డ్రైవరు. అంతకుముందు పాతికేళ్లు లారీలు తోలాడు.

ఎర్రకారు పక్కన రావుని చూసి అతను నవ్వబోయాడు. రావు నవ్వలేదు.

"బాలసుబ్బయ్య గారూ, ఇలా రండి ఒకసారి."

టైర్ల గుట్ట వెనక్కి తీసుకెళ్లాడు.

"ఈ కారులో ఆయిలు పోస్తున్నది ఎవరండి?"

బాలసుబ్బయ్య తువాలు మెడలోంచి తీశాడు, మళ్లీ వేసుకున్నాడు. "నాకేం దెల్సన్నా. నేను కడిగేదీ తుడిసేదీ."

"నిజం చెప్పండి. నా ఇఖామా పోయేట్టుంది."

"అందుకే గదన్నా," అనేసి బాలసుబ్బయ్య నాలిక కరుచుకున్నాడు. ఇక దాచి లాభం లేదని అతనికే తెలిసింది. గోడకి ఆనుకుని, ఇంటి యజమానురాల్ని ఇక్కడి డ్రైవర్లు పిలిచినట్టే ఉమ్ నాసర్‌ని మామా అంటూ, గొంతు తగ్గించి చెప్పాడు. "దినామూ తెల్లారుజామున బండ్లు కడుగుతా గదా. లారీ తోలినప్పట్నుంచీ అలవాటు, ఇంజను సల్లగుండంగానే గేజీ తీసి సూస్తా. నువ్వు సర్వీసు జేసి పంపిచ్చిన మర్నాడు సూస్తే ఒట్టిది. గుండె జల్లుమనింది. మనోడు సేసిన పని, మామాకి తెలిస్తే వాని కడుపు కొట్టినట్టే గదా అనుకుంటి. షెడ్డులో ఆయిలు డబ్బాలుండాయి. అరడబ్బా పోసినా. రెండు దినాలాగి సూస్తే మళ్లా ఒట్టిది. మళ్లా పోసినా."

"ఎవరికీ చెప్పకుండా?"

"ఎవురికి జెప్పేదన్నా? మామాకి జెప్తే నీ పని అయిపాయె. నీకు జెప్తే నువ్వు కుమిలిపోతావు. నేను రెండు దినాలు జరమొచ్చి పండుకుంటే మామా తనే మూత తీసి సూసుకునింది. అప్పుట్నుంచి ఈ రగడంతా."

రావుకి కోపం వచ్చింది. గారు ఎగిరిపోయింది, మీరు కూడా ఎగిరిపోయింది.

"ఎంత పని చేసేవయ్యా. నన్ను కాపాడదావని పోసి పోసి, నన్నే ఇంటికి ఓడెక్కించేసేవు కదా. ఇంజనులో ఆయిలు తక్కువ కాలేదు, నువ్వు పోసిందే ఎక్కువై కక్కేస్తోంది. ఈ బండికి వేడి మీద చూడాలయ్యా, నడుస్తుండగా చూడాలి."

బాలసుబ్బయ్య నోరు తెరిచాడు.  "యాడన్నా ఉంటాదా అట్ల? ఏ బండికైనా తెల్లారి సల్లగుండంగానే గదా సూసేది."

ఆ ముఖం చూస్తే రావు కోపం ఎంతోసేపు నిలవలేదు. సర్వీసు చేసి తాళాలు ఇచ్చిన రోజున తను ఈ మనిషితో ఏమన్నాడో గుర్తొచ్చింది. ఆయిలు చూసుకుంటూ ఉండండి అన్నాడు. ఎలా చూడాలో చెప్పలేదు. పాతికేళ్ల డ్రైవరుకి పుల్ల చూడడం నేర్పితే ఏం బాగుంటుందని మొహమాటపడ్డాడు. ఆ మొహమాటమే ఇంత దూరం తెచ్చింది.

"నా పేరు జెప్పన్నా," అన్నాడు బాలసుబ్బయ్య. "నీ పెండ్లాం ఈడనే ఉండాది. నాదేముంది, ఒంటిగాణ్ని."

"ఒంటిగాడివైతే రెండు పూటలూ తినక్కర్లేదా? ఉండవయ్యా, చూద్దాం."

ఆఫీసు గది తలుపు తెరుచుకుంది. ముందు ఉమ్ నాసర్, వెనక అబూ తలాల్, ఆ వెనక అన్వర్ బాషా వచ్చారు. ఆవిడ నల్లటి అబాయా మీద కళ్లజోడు గొలుసు వేలాడుతోంది. నిలబడ్డ తీరు చూస్తే షెడ్డులో ఉన్న మగవాళ్లందరూ తెలియకుండానే వరుసలోకి వచ్చినట్టు సర్దుకున్నారు. బడిలో ఆవిడ చెప్పింది ఇంగ్లీషు. రావుతో ఎప్పుడూ ఆ భాషలోనే, పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా మాట్లాడుతుంది.

"కారణం దొరికిందని విన్నాను. చూపించు."

రావు చూపించాడు. ఇంజను మళ్లీ నడిపి, డిప్‌స్టిక్ తీసి ఆవిడ చేతికే ఇచ్చాడు. పీల్చే పంపు ట్యాంకులో దించి, ఎక్కువైన ఆయిలుని గీతలున్న జగ్గులోకి లాగాడు. రెండు లీటర్లు దాటి ఇంకో అర. ఫిల్టర్ పెట్టెలో తడి చూపించాడు, ప్లగ్గులు వరసగా గుడ్డ మీద పెట్టి చూపించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తీసుకుని, జవాబు పత్రాలు దిద్దినట్టు చూసింది.

"అంటే నా ఇంజను బాగానే ఉంది."

"బాగానే ఉంది మేడమ్. విప్పక్కర్లేదు."

అబూ తలాల్ ఊపిరి బిగ్గరగానే వదిలాడు. అంత పెద్ద కారు ఇంజను విప్పి మళ్లీ బిగించే తలనొప్పి తప్పింది మరి. అన్వర్ బాషా జగ్గు వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రావు దగ్గరికొచ్చి, చిన్నగా, "నడిపి సూడాలని నాకు తట్టలేదప్పా, తప్పు నాదే," అన్నాడు. ముప్ఫై ఏళ్లలో అతను ఆ మాట అనడం ఆ షెడ్డు వినలేదు. రావు అతని చెయ్యి పట్టుకుని వదిలేశాడు.

ఉమ్ నాసర్ మాత్రం కదల్లేదు. "ఇంత ఆయిలు దానంతట అది పుట్టదు. పోసిందెవరు?"

"తప్పు నాది మేడమ్. వేడి మీద చూడాలని మీ ఇంట్లో ఎవరికీ నేను చెప్పలేదు."

"తప్పెవరిదని నేను అడగలేదు. పోసిందెవరని అడిగాను."

ఇంగ్లీషు రాకపోయినా కొన్ని ప్రశ్నలు ఎవరికైనా అర్థమవుతాయి. బాలసుబ్బయ్య రెండడుగులు ముందుకొచ్చాడు. తువాలు చేతిలోకి తీసుకున్నాడు.

"అనా, మామా," అన్నాడు. నేనే అని.

"లేష్?" అంది ఆవిడ. ఎందుకని.

ఎందుకో చెప్పేంత అరబ్బీ అతని దగ్గర లేదు. రావు వైపు చూశాడు. రావు ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. తెల్లారుజామున బళ్లు కడగడం, చల్లటి ఇంజను, ఎండిన పుల్ల, తన ఉద్యోగం పోతుందని అతను పడ్డ భయం, చెప్పకుండా పోసిన డబ్బాలు. 

ఆవిడ విన్నది. పెదవుల చివరలు ముందు చిన్నగా కదిలాయి, తర్వాత పూర్తిగా నవ్వేసింది. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.

"ముప్ఫై ఏళ్లు బడి నడిపాను రావ్. పక్కవాడిది చూసి రాసే పిల్లల్ని వేలమందిని చూశాను. పక్కవాడు తప్పుతాడని తన సిరా తీసుకెళ్లి వాడి కాగితం మీద పోసినవాణ్ని ఇప్పుడే చూస్తున్నాను."

ఆవిడ నవ్వడంతో షెడ్డంతా తేలికపడింది. అబూ తలాల్ నవ్వాడు. రావుని చూసి, "నీ ఇఖామా కాగితాలు రేపు పంపిస్తా," అని ఆఫీసు వైపు నడిచాడు. చాయ్ తెమ్మని లోపలి నుంచే కేకేశాడు. బాలసుబ్బయ్య ముఖం ఎన్నాళ్లకో విప్పారింది. మామా నవ్విందంటే గండం గడిచినట్టేనని నాలుగేళ్ల అనుభవం అతనికి చెప్పింది. రావుకి కూడా ఆకలి వేసింది. సత్యదుర్గ డబ్బాలో ఏం పెట్టిందోనని మొదటిసారి ఆలోచించాడు.

ఉమ్ నాసర్ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, రావు పక్కన నిలబడింది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. గొంతు మాత్రం హెడ్మిస్ట్రెస్‌ది.

"అతను మంచివాడు. అందులో నాకు సందేహం లేదు. నా కారు మాత్రం ఇక అతని చేతికివ్వలేను. చెడు ఉద్దేశంతో చేసేవాణ్ని ఒక కంట కనిపెట్టొచ్చు. మంచి ఉద్దేశంతో దాచేవాణ్ని ఎలా కనిపెట్టను? ఈ నెలాఖరుకి గౌరవంగా పంపించేస్తాను. టికెట్టు, బహుమతి, ఏ లోటూ ఉండదు. నా ఇంటి మీద ఉన్నది ఒక్క డ్రైవరు వీసా. దాని మీదకి నువ్వు రా. నీ జీతానికి రెట్టింపు ఇస్తాను, నీ భార్య ఇక్కడే ఉండేట్టు చూసే పని నాది. అబూ తలాల్‌తో నేను మాట్లాడతాను."

రావు ఆవిడ వంక చూశాడు. ఏదో అనబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఇప్పుడే జవాబు వద్దు. ముందు అతనికి నువ్వే చెప్పు, మీ భాషలో. బడిలో ఎవరినైనా తీసేయాల్సి వస్తే ఆ కబురు వాళ్లకి ఇష్టమైన మనిషి చేతే చెప్పించేదాన్ని. నొప్పి తక్కువ."

చెప్పేసి జీపు వైపు నడిచింది.

బాలసుబ్బయ్య గబగబా దగ్గరికొచ్చాడు. చాయ్ గ్లాసులు రెండు తెచ్చాడు, ఒకటి రావు చేతిలో పెట్టాడు. తువాలుతో ముఖం తుడుచుకుంటూ, కళ్లనిండా నవ్వుతూ అడిగాడు.

"ఏమంటాందన్నా మామా? నవ్వుతానే చానాసేపు మాట్లాడిందే."